గోడవతలి ఢోలు, ఇవతలి వెర్బులు

ఆ ఏడాది మా ఇంటి తిండీ గుడ్డా ఇంగ్లీషు వెర్బుల మీద ఆధారపడి ఉన్నాయి. ఇప్పుడు ఈ మాట చెబితే ఎవరైనా నవ్వుతారు. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు.

డెబ్బైల మొదట్లో సంగతి. యాకుత్‌పురా స్టేషన్‌కు కాస్త ఇవతల ఒక పాత దేవిడీలో మా బడి ఉండేది. ఒకప్పుడు ఎవరో గొప్పవాళ్ళు ఉండి వెళ్ళిన ఇల్లు. మా దగ్గరికి వచ్చేసరికి ఆ గొప్పతనం పోయి, ఎత్తు గోడలూ పెచ్చులూడే సున్నమూ మిగిలాయి. పత్తర్‌గట్టిలో బట్టల దుకాణాలున్న సేట్లు కొందరు కమిటీగా కూడి ఆడపిల్లల కోసం నడిపే తెలుగు మీడియం బడి అది. రైల్వేలో పనిచేసేవాళ్ళ పిల్లలు, కూలికి పోయేవాళ్ళ పిల్లలు, మిషన్ కుట్టేవాళ్ళ పిల్లలు వచ్చేవాళ్ళు. ఇంట్లో తెలుగు, గల్లీలో ఉర్దూ. ఇంగ్లీషు వాళ్ళకు కనబడేది రైలు టికెట్టు మీదా మందు సీసా మీదా.

నేను ఏడో తరగతికి ఇంగ్లీషు చెప్పేదాన్ని. నాది టెంపరరీ ఉద్యోగం. గవర్నమెంటు ఎయిడుతో ఇంగ్లీషు పోస్టు ఒకటి మంజూరు కావలసి ఉంది. అది వస్తే నాకు, రాకపోతే వేసవి సెలవుల తర్వాత నేను బడి మెట్లు ఎక్కనక్కర్లేదు. ఆ సంగతి మా హెడ్మాస్టరు, పిల్లలూ మేమూ పెద్దసారు అనే ఆయన, నన్ను గదిలోకి పిలిచి చెప్పాడు.

"ఇన్‌స్పెక్టర్ సాబ్ వస్తున్నడమ్మా. ఆయన ఏ బడికి పోయినా ఏడో తరగతిల గ్రామరే అడుగుతడట. అండ్ల వెర్బులంటే మస్తు ఇష్టమట. ఎన్ని తీర్లు, దేనికేం ఉదాహరణ, పిల్లలు గడగడ జెప్పాలె. చెప్పిన్రా, పోస్టు నీది. చెప్పలేదా, ఇగ నా చేతుల ఏం లేదు."

మా బాపు బస్సుల వర్క్‌షాపులో కుడిచేయి నలిగిపోయి ఇంట్లో కూర్చున్నాడు. తమ్ముళ్ళు ఇంకా చిన్నవాళ్ళు. నేను సాయంత్రం చెప్పులు విప్పుతుండగానే బాపు అడిగేవాడు.

"ఇయ్యాల పిల్లలకు ఏమన్న ఎక్కిందా బిడ్డా?"

జ్వరం తగ్గిందా అని అడిగినట్టు అడిగేవాడు. నేను కాళ్ళు కడుక్కునే నెపంతో పెరట్లోకి పోయేదాన్ని.

ఎక్కలేదు. ఎంతకీ ఎక్కలేదు. ట్రైనింగులో మాకు ఒకటి నూరిపోశారు, నోటితో చెప్పడం కాదు, చేసి చూపించాలని. నేను చేసి చూపించాను. చాక్‌పీసు విసిరి "ఐ త్రో ద చాక్" అన్నాను. విసరాలంటే విసిరే వస్తువొకటి కావాలి, కనుక అది ట్రాన్సిటివ్, అంటే సకర్మక క్రియ. అరచేతి మీద తల వాల్చి కళ్ళు మూసుకుని "ఐ స్లీప్" అన్నాను. నిద్రకు ఇంకో వస్తువుతో పనిలేదు, కనుక అది ఇంట్రాన్సిటివ్, అకర్మక క్రియ. ఒక పిల్ల చేత నీళ్ళ బిందె ఎత్తించి, పక్కపిల్లను చెయ్యి వెయ్యమని, ఎత్తేది అసలు వెర్బు, చెయ్యి వేసేది హెల్పింగ్ వెర్బు అన్నాను. బిందె కిందపడి సొట్టపోయింది. క్లాసంతా కడుపు పట్టుకుని నవ్వింది.

మర్నాడు వెళ్ళి, ట్రాన్సిటివ్ వెర్బ్ అంటే ఏమిటని అడిగాను. క్లాసు లీడరు లేచి నిలబడింది.

"టీచర్, మీరు చాక్‌పీస్ ఇసిరేసిన్రు టీచర్."

"అది సరే. ట్రాన్సిటివ్ అంటే?"

"తర్వాత పండుకున్నరు టీచర్."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కుర్చీలో కూర్చుని బల్ల సొరుగు తెరిచి, ఏదో వెతుకుతున్నట్టు తల లోపల పెట్టుకున్నాను. ఏడుపే వచ్చింది.

మొదటి వరసలో, నా బల్లకు ఎదురుగా ఒక పిల్ల కూర్చునేది. రైల్వే గ్యాంగులో పనిచేసే ఆయన కూతురు. నూనె కారేలా దువ్విన రెండు జడలు, మోకాళ్ళు దాటని లంగా. అందరూ కోరస్‌గా అంటున్నప్పుడు ఈ పిల్ల నోరు విప్పేది కాదు. నా మొహంలోకి గుడ్లప్పగించి చూసేది. పిలిస్తే ఒకసారి పలికేది, ఇంకోసారి రాయిలా కూర్చునేది. ఆ పలికే మాట కూడా ముద్ద ముద్దగా, నోట్లో ఏదో పెట్టుకున్నట్టుండేది. తోటి పిల్లలు మొద్దు అనేవాళ్ళు, పెద్దసారూ అదే అనేవాడు. నాకు ఆ చూపంటే చిరాకు. ఏం తెలుస్తుందని అంతలా చూస్తుంది అనుకునేదాన్ని.

ఇవన్నీ ఒక ఎత్తు, మా గోడ అవతలి బాజా ఒక ఎత్తు. మా క్లాసు గోడకు ఆనుకునే పెళ్ళిళ్ళకు వాయించే బ్యాండువాళ్ళ అడ్డా ఉండేది. బాకాలు ఊదినా తట్టుకోవచ్చు, క్లారినెట్టు కీచుమన్నా తట్టుకోవచ్చు. వాళ్ళకొక పెద్ద ఢోలు ఉండేది. అది ధమ్మంటే మా గోడ సున్నం రాలి నల్లబల్ల మీద పడేది. నేను పోయి లొల్లి పెట్టుకున్నాను, ఒకసారి కాదు. బ్యాండు పెద్దను వాళ్ళ కుర్రాళ్ళంతా మాస్టర్ అనేవాళ్ళు. గోరింటాకు పెట్టిన గడ్డం, ఎప్పుడూ నవ్వు మొహం.

"హమ్ భీ మాస్టర్, ఆప్ భీ మాస్టర్," అనేవాడు. "షాదీల సీజన్ గదమ్మా. ప్రాక్టీస్ జెయ్యకుంటే మా పోరగాండ్లు తాళం తప్పుతరు. జర అడ్జస్ట్ జేస్కో బేటీ."

అడ్జస్ట్ చేసుకున్నది నేను కాదు, పిల్లలు. ఒకరోజు నేను విసిగిపోయి, ఎవరికి వచ్చింది వాళ్ళు చదవండని వదిలేసి కిటికీ దగ్గర నిలబడ్డాను. వెనక వరసలో ఎవరో మొదలుపెట్టారు. "ట్రాన్సిటివ్ వెర్బ్," గోడ అవతల ధమ్, "నీడ్స్ ఆన్ ఆబ్జెక్ట్," ధమ్. "ఇంట్రాన్సిటివ్ వెర్బ్," ధమ్, "నీడ్స్ నో ఆబ్జెక్ట్," ధమ్. కాసేపట్లో క్లాసంతా అందుకుంది. గో వెంట్ గాన్, ధమ్. కమ్ కేమ్ కమ్, ధమ్. జడలు ఊపుతూ, మోకాళ్ళు ఆడిస్తూ, ఒక్క మాట తప్పు పోకుండా అన్నారు. నెలల తరబడి నేను గొంతు చించుకున్నా లోపలికి పోని వెర్బులు ఆ ఢోలు మీద ఎక్కి తిన్నగా వెళ్ళి కూర్చున్నాయి.

అర్థమైందా అని అడిగితే కాలేదనే చెప్పాలి. కానీ ఇన్‌స్పెక్టరు అడిగేది గడగడ చెప్పమనే గదా. ఆ సాయంత్రం బాపు అడగకముందే నేనే చెప్పాను.

"ఎక్కింది బాపూ. మంచిగ ఎక్కింది."

బాపు ఎడమచేత్తో నా తల నిమిరాడు. మా అమ్మ వెంటనే, ఈ పోస్టు వస్తే పీరుకు దట్టీ కట్టిస్తానని మొక్కుకుంది. మా గల్లీలో ప్రతి మొహర్రానికీ పీర్ల చిహ్నాలైన అలంలు నిలబెట్టే చోట, వాటికి మావాళ్ళూ దట్టీలు, అంటే మొక్కుబడి గుడ్డలు, కట్టించేవాళ్ళు. ఆమె ఆ మొక్కు మొక్కినప్పుడైనా, మొహర్రం ఎప్పుడొస్తుందో లెక్క చూసుకోవాలని నాకు తట్టలేదు.

ఇన్‌స్పెక్షను ఇంకో వారంలో ఉందనగా, ఒక పొద్దున క్లాసులోకి అడుగుపెట్టగానే ఏదో వెలితిగా అనిపించింది. పిల్లలంతా గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నారు. గోడ అవతల చప్పుడు లేదు. వీధిలో రిక్షా గంట కూడా వినబడుతోంది. మొదటి వరస పిల్ల ఒక్కతే ఎప్పట్లాగే నా మొహం చూస్తోంది. పక్కపిల్లను మోచేత్తో పొడిచి, "ఏంది, అందరు గోడ దిక్కు జూస్తున్రు?" అని కూడా అడిగింది. నా ఆందోళనలో నేనున్నాను, ఆ ప్రశ్న పట్టించుకోలేదు.

"చదవండి," అన్నాను. "ట్రాన్సిటివ్ వెర్బ్..."

"ట్రాన్సిటివ్ వెర్బ్," అన్నారు అందరూ. అని ఆగిపోయారు. ఢోలు కోసం ఆగారు. ఆ ధమ్ వస్తేగానీ తర్వాతి మాట వాళ్ళ నోటికి రాదు. కొందరు "నీడ్స్" అన్నారు, కొందరు "గో వెంట్" లోకి పోయారు, లీడరు బిక్కమొహం వేసింది.

గంట కొట్టగానే గోడ అవతలికి పరుగెత్తాను. బ్యాండు అడ్డా ఊడ్చి, నీళ్ళు చల్లి ఉంది. బాకాలు గోనెసంచుల్లో మూలన ఉన్నాయి. ఢోలుకు నల్లగుడ్డ చుట్టి దూలానికి వేలాడదీశారు. మాస్టరు నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఆవో బేటీ. నిన్న చాంద్ దిఖ్‌గయా, నెలవంక గనవడ్డది. మొహర్రం. ఇగ పది దినాలు బాజా బంద్. మీ బడికి ఇన్‌స్పెక్టర్ సాబ్ వస్తున్నడట గద, పిల్లలు జెప్పిన్రు. ఫికర్ మత్ కరో. ఒక్క చప్పుడు రాదు."

ఏడాది పొడుగునా నేను అడిగింది ఆయన ఇప్పుడు ఎంతో సంతోషంగా ఇస్తున్నాడు. నేను చేతులు జోడించాను. ఇన్‌స్పెక్టరు ఉన్న ఆ కాసేపు ఢోలు వాయించమని, నా ఉద్యోగం పోతుందని, ఏదేదో చెప్పాను. ఆయన మొహంలో నవ్వు పోయింది.

"బేటీ, ఇంకేదన్న అడుగు, జేస్త. గీ పది దినాలు ఢోల్‌కు మా తాతలు చెయ్యి వెట్టలె, మా అబ్బా చెయ్యి వెట్టలె. నేనెట్ల వెడ్త? సేట్లు పెండ్లికి రమ్మన్నా పోం. మాఫ్ కరో."

ఆయన్ను తప్పుపట్టలేకపోయాను. మా అమ్మ మొక్కుకున్న పండగే అది. దట్టీ కట్టించే ఇంట్లో పుట్టి, ఆయన్ను ఢోలు వాయించమని ఇంకోసారి అడగడానికి నోరు రాలేదు.

ఇక నేనే ఢోలునయ్యాను. డస్టరు తీసుకుని బల్ల మీద కొట్టాను. నా భయానికి దెబ్బ వడివడిగా పడేది, పిల్లలు అందుకోలేక తడబడేవాళ్ళు, తర్వాత నవ్వేవాళ్ళు. నేను అరిచాను. కొట్టాను కూడా, బల్లనే. పెద్దసారు వచ్చి, "బడిల డప్పు గొడుతున్నవేందమ్మా, ఆయన ముంగట గిట్ల కొడ్తవా?" అన్నాడు. తాళం లేకుండా వల్లె వేయిద్దామని చూశాను. పదం పదం విడదీసి చెప్పించాను. మధ్యాహ్నానికి వచ్చినట్టే ఉండేది, మర్నాడు మళ్ళీ గోడవైపు చూసేవాళ్ళు. తిండి సహించేది కాదు. బాపు అడిగితే "ఎక్కింది" అనే చెప్పేదాన్ని. ఆయన నమ్మి, వాకిట్లో కూర్చున్న వాళ్ళకు మా బిడ్డకు సర్కారు పోస్టు వస్తున్నదని చెప్పుకునేవాడు. అది వింటుంటే నాకు నరకంగా ఉండేది.

ఇన్‌స్పెక్షనుకు ముందురోజు, నేను నల్లబల్ల దగ్గర ఉండగా పెద్దసారు క్లాసు వెనక గుమ్మంలో నిలబడి అన్నాడు.

"నోరు తిరగనోళ్ళు రేపు బడికి రావద్దు. ఇంటికాడ జరమొచ్చిందని జెప్పున్రి. ముంగట గూసున్న రైల్వేఆయన బిడ్డా, నిన్నే, ఇంటున్నవా?"

వెనక వరస పిల్లలు తలలూపారు. మొదటి వరస పిల్ల వెనక్కి తిరగను కూడా లేదు, నన్నే చూస్తూ కూర్చుంది. ఎంత పొగరు అనుకున్నాను.

మర్నాడు ఆ పిల్ల వచ్చింది. రావద్దన్నవాళ్ళంతా ఇంటి దగ్గరే ఆగిపోయారు, తను మాత్రం ఉతికిన లంగా కట్టుకుని, కొత్త రిబ్బన్లు పెట్టుకుని, మొదటి వరసలో తన చోట కూర్చుంది. పంపించేద్దామనుకునేలోపే పెద్దసారును వెంటబెట్టుకుని ఇన్‌స్పెక్టరు గుమ్మంలో ఉన్నాడు.

ఆయన సన్నగా, కోటు వేసుకుని ఉన్నాడు. విపరీతమైన పడిశం. పైగా మా గోడల దుమ్ము. ముక్కుకూ నోటికీ కలిపి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు, మాట్లాడినంతసేపూ తియ్యలేదు.

"ఊఁ, వెర్బ్స్. వాట్ ఈజ్ ఎ ట్రాన్సిటివ్ వెర్బ్?"

లీడరు లేచింది. "ట్రాన్సిటివ్ వెర్బ్," అంది గట్టిగా. అని గోడవైపు చూసింది. క్లాసంతా గోడవైపు చూసింది.

"ఆ గోడ మీద ఏముందమ్మా? రాసి పెట్టుకున్నారా?" అంటూ ఆయన గోడ దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు సర్దుకుని వెతికాడు. సున్నం తప్ప ఏమీ లేదు. ఇంకో పిల్లను లేపాడు, మరో పిల్లను లేపాడు. అందరూ సగం చెప్పి ఆగిపోయారు. పెద్దసారు నా వైపు చూడటం మానేశాడు. నా చేతిలోంచి చాక్‌పీసు జారి కిందపడింది.

అది పడటం చూసి మొదటి వరస పిల్ల టక్కున లేచింది.

"టీచర్ త్రో చాక్," అంది తన ముద్ద గొంతుతో. కింద పడ్డ చాక్‌పీసు తీసి పైకెత్తి చూపించింది. "చాక్ ఆబ్జెక్ట్. ట్రాన్సిటివ్." అరచేతి మీద తల వాల్చి కళ్ళు మూసి తెరిచింది. "ఐ స్లీప్. నో ఆబ్జెక్ట్. ఇంట్రాన్సిటివ్." పక్కపిల్లను లేపి, ఇద్దరూ బిందె పట్టుకున్నట్టు నిలబడి, "ఇది హెల్పింగ్" అంది. నేను ఎప్పుడో చేసి చూపించి, ఎవరికీ ఎక్కలేదని వదిలేసినవన్నీ ఒక్కొక్కటే చేసి చూపించింది.

"ఏమిటంటోంది ఈ పిల్ల? ఒక్క ముక్క అర్థం కావడం లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నేను ఆమె మాటలు మళ్ళీ చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు. "మీరు అందించకండి. నేను అడుగుతాను, ఆ అమ్మాయే చెప్పాలి." రుమాలు వెనకనుంచి ఏదో అడిగాడు. ఆ పిల్ల రుమాలును చూసింది. నన్ను చూసింది. మళ్ళీ రుమాలును చూసింది. ఆయన గొంతు పెంచి అడిగాడు. ఆ పిల్ల కళ్ళు రుమాలు మీదే ఉన్నాయి, దాన్ని ఎలాగైనా తొలగించాలన్నట్టు.

అప్పుడు తెలిసింది నాకు. ఢోలు ఆగిన రోజు అందరూ గోడవైపు ఎందుకు చూస్తున్నారని అడగడం, పెద్దసారు వెనకనుంచి అరిస్తే తిరక్కపోవడం, పిలిస్తే ఒకసారి పలికి ఒకసారి పలకకపోవడం, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి. ఈ పిల్లకు వినపడదు. ఏడాది పొడుగునా నా పెదాలూ చేతులూ చూసి నేర్చుకుంది.

"సార్, ఒక్కసారి ఆ రుమాలు తీసి అడగండి," అన్నాను.

"ఏమిటీ?"

"పిల్లకు చెవులు వినపడవు సార్. మీ నోరు కనపడితే చెప్తది. అన్ని చెప్తది సార్, ఒక్కసారి తియ్యండి." నేను వేడుకుంటున్నానని నాకే తెలుస్తోంది.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "వినపడే పిల్లలకేమో రాదు, వినపడని పిల్లకు వస్తుందా? బాగా తయారు చేశారమ్మా," అన్నాడు. పెద్ద తుమ్ము వచ్చింది. రుమాలు ఇంకా గట్టిగా అదుముకుని పక్క క్లాసుకు వెళ్ళిపోయాడు. ఆ పిల్ల ఇంకా చాక్‌పీసు పట్టుకుని నిలబడే ఉంది. తప్పు చెప్పానా అన్నట్టు నన్ను చూసింది. "రైట్. అన్నీ రైట్," అన్నాను. కూర్చుంది.

ఆ సాయంత్రం బాపు అడిగినప్పుడు పెరట్లోకి పోలేదు. ఆయన ముందే కూలబడి ఏడ్చాను. మా అమ్మ మాత్రం పీరుకు దట్టీ కట్టించింది, పోస్టు వచ్చినా రాకపోయినా మొక్కు మొక్కే గదా అని.

ఆ పిల్ల తండ్రి రైల్వేఆయన్ను బడికి పిలిపించి, పిల్లకు వినపడదని చెప్పాను. ఆయన తలపాగా తీసి చేతుల్లో పట్టుకున్నాడు. "మాట ఇంటలేదని ఊకె గొడ్తుంటిమి టీచరమ్మా," అన్నాడు.

ఆ తర్వాత నేను నల్లబల్ల వైపు తిరిగి మాట్లాడటం మానేశాను. రాసి, చాక్‌పీసు పెట్టేసి, వెనక్కి తిరిగి, అప్పుడు చెప్పేదాన్ని. మొదటి వరస పిల్ల నోరు విప్పి ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. మొహర్రం పదో రోజు దాటాక గోడ అవతల నల్లగుడ్డ తీశారు. ఢోలు ధమ్మనగానే, నేను అడక్కుండానే క్లాసంతా ఒక్క గొంతుతో అందుకుంది. ట్రాన్సిటివ్ నుంచి గో వెంట్ గాన్ దాకా ఒక్క తప్పు లేదు. నేను చెవులు మూసుకున్నాను.

పోస్టు రాలేదని కమిటీ నుంచి కబురు ఎండాకాలం మొదట్లో వచ్చింది. ఆఖరి రోజు పిల్లలందరికీ చెప్పాను, వచ్చే ఏడు మీకు వేరే టీచరు వస్తుందని. కొందరు ఏడ్చారు, కొందరు సెలవుల తొందరలో పరుగెత్తారు. మొదటి వరస పిల్ల ఆగిపోయింది. నేను సరిగ్గా చెప్పలేదేమో, తను సరిగ్గా చూడలేదేమో అని, ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ చెప్పాను. కొత్త టీచరు వస్తుంది. నేను రాను.

ఆ పిల్ల కాసేపు నా పెదాలనే చూసింది.

"టీచర్, కొత్త టీచర్ గూడ మొకం ఇటు వెట్టి చెప్తదా?"

"చెప్తది," అన్నాను. గొంతు రాలేదు, పెదాలే కదిలాయి. ఆ పిల్లకు అంతే చాలు గనక, నమ్మి ఇంటికి పోయింది.